నూలుపోగుతో కట్టేసిన రోజులు

నన్ను పదమూడో ఏట నూలుపోగుతో కట్టేశారు. మగ్గం మీద నేసే మామూలు తెల్లనూలు, ఒకే ఒక్క పోగు. ఒక కొస నా ఎడమ చేతి మణికట్టుకు, రెండో కొస మగ్గం గుంజకు. చిటికెన వేలితో లాగినా తెగిపోయేది. ఇరవై రెండు రోజులు దాన్ని తెంపుకోకుండా కూర్చున్నాను. ఎందుకు తెంపుకోలేదని మా పిల్లలు అడుగుతారు. చెప్పడం మొదలుపెడతాను, సగానికి వచ్చేసరికి నాకే తికమకగా ఉంటుంది. రాస్తే అయినా తేలుతుందేమో చూద్దాం.

మాది ఆదోని. కర్నూలు రాజధాని అయిందని జనం అరుగుల మీద కూర్చుని గొప్పగా చెప్పుకుంటున్న రోజులు. నాయన పత్తి మండీలో హమాలీ. అమ్మ, చిన్నమ్మ ఇద్దరూ జిన్ను మిల్లులో పని చేసేవాళ్లు. చిన్నమ్మ అంటే నాయన తమ్ముడి భార్య. పెళ్లయిన ఏడాదికే చిన్నాయన జ్వరమొచ్చి పోయాడు. పుట్టింటి వైపు ఆమెకు ఎవరూ మిగల్లేదు, అందుకని మాతోనే ఉండిపోయింది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆమెను చూస్తే ఒళ్లు మంట. "నా కొడుకును మింగింది" అని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. చిన్నమ్మ పక్కనే కూర్చుని రొట్టెలు తడుతూ వినేది. నాకు మాత్రం చిన్నమ్మ అంటే ప్రాణం. నా తల దువ్వేది ఆమె. కొట్టు నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, వాటి మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పింది కూడా ఆమే.

ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరికీ సద్ది తీసుకుని మిల్లుకు పోయాను. లోపల కళ్ల ముందు తెల్లగా ఏదో ఎగిరినట్టు అనిపించింది. జిన్ను మిల్లులో దూది ఎగరక ఏం ఎగురుతుంది, అనుకున్నాను. అంతవరకే గుర్తుంది. కింద పడి కాళ్లు చేతులు కొట్టుకున్నానట, నోట్లో నురగ వచ్చిందట. తర్వాత మూడు రోజులు నాకు మాట రాలేదు. ఇప్పుడైతే దానికి ఒక పేరుంది, ఒక మాత్ర ఉంది. నాయన కూడా ఆస్పత్రికే పోదామన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"సూదికి పోయేది కాదప్పా ఇది. ఎవురిదో పరాయి ప్రాణం దీని లోపలికి వచ్చి కూర్చునింది. దాన్ని ఎల్లగొట్టాల."

నాలుగో నాడు నాకు మాట వచ్చింది. ఏం లాభం? గొంతు ఎండిపోయి బొంగురుగా వచ్చింది. అవ్వ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది, "గొంతు మారింది, విన్నారా?" అని. ఆ వారమే నన్ను ఎమ్మిగనూరు బస్సు ఎక్కించారు.

గాలి సోకిన వాళ్లను చూసే ఆయన అక్కడ ఒక నేతగాడు. యాభై ఏళ్లుంటాయేమో. మెత్తని గొంతు, ఎప్పుడూ నవ్వు ముఖం. నేను జుట్టు విరబోసుకున్న మనిషిని, వేపమండలను ఊహించుకుని వణుకుతూ పోయాను. ఆయన గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తున్నాడు. మమ్మల్ని చూసి కూడా పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపలేదు. అవ్వ చెప్పేదంతా చెప్పనిచ్చి, అప్పుడు ఒక నూలుపోగు తీసి నా చేతికి తానే కట్టాడు. ముడి వేసేటప్పుడు, "బిగుతయిందా పాపా?" అని కూడా అడిగాడు.

తర్వాత పద్ధతి చెప్పాడు. పోగు తెగితే లోపలున్నది ఎదురు తిరిగినట్టు, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలు. పోగు విప్పడానికి రెండే దారులు. ఒకటి, ఆ గాలిని నా మీదికి పంపిన మనిషి ఎవరో నా నోటితో చెప్పాలి, అప్పుడు ఆయనే విప్పుతాడు. లేదంటే లోపలున్నది తన పేరూ ఊరూ ఒప్పుకోవాలి, దాని సొంత మనుషులు వచ్చి తెంపాలి. నాయన అన్నిటికీ తల ఊపి, మండీకి టైమయిందని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. అవ్వ నాకు కాపలాగా ఉండిపోయింది.

నా ముందు ఒక రాట్నం పెట్టారు, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టమని. ఖాళీగా కూర్చుంటే లోపలున్నదానికి బలం వస్తుందట. నాకంటే ముందు వచ్చిన వాళ్లు చుట్టిన కండెలు బుట్టనిండా ఉన్నాయి. ఊళ్లో మిగతా నేతగాళ్లకు ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, ఈయనకు దయ్యాలు చుట్టిపెట్టేవి. ఇది ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

మొదటి రోజు అడిగాడు. "ఎవురు నువ్వు?"

"నేను నేనే తాతా."

ఆయన నవ్వి అవ్వ వైపు చూశాడు. "చూసినావా మా, మొదటి మాటే అబద్ధం. తెలివైనదే వచ్చినట్లుండాది."

నేను నా పేరు చెప్పాను. మా వీధి, మా పక్కింటివాళ్లు, మా బడి, అన్నీ చెప్పాను. "లోపల కూర్చుని అన్నీ చూస్తాంటాది కదా, దానికి తెలీకుండా ఎట్లుంటాది?" అన్నాడు. ఏడ్చాను. ఏడ్చేది నేను కాదన్నాడు. సరే, ఏం మాట్లాడినా తప్పే అయితే మాట్లాడనే వద్దని రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు నిప్పుల మీద ఎండు మిరపకాయలు వేసి పొగ పెట్టారు. దగ్గుతూ, "నేనే, నేనే" అని అరిచాను. ఆయన మళ్లీ అవ్వ వైపు చూసి, "అదిగో, నోరు తెరిసింది" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు నేనే పైకెత్తి చూపించినా ఆయన చూడడు.

పోగు తెంపుకుని పారిపోవాలని ప్రతి పూటా అనుకునేదాన్ని. ఎక్కడికి పారిపోతాను? ఇంటికి పోతే ఇంటివాళ్లే మళ్లీ బస్సు ఎక్కిస్తారు. తాడు కట్టి ఉంటే పళ్లతో కొరికైనా పెనుగులాడేదాన్ని, దాని మీద కోపం తీర్చుకునేదాన్ని. నూలుపోగు మీద కోపం ఎలా తీర్చుకోవాలి? అది తెగకుండా నేనే కాపాడుకునేదాన్ని. నీళ్లు తాగడానికి లేచినా ఎడమ చెయ్యి జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని లేచేదాన్ని. నా కాపలా నేనే కాసుకునేలా చేశాడు మహానుభావుడు.

వారం గడిచాక నాకు మొండితనం వచ్చింది. నేను నేనంటే ఎవరూ నమ్మడం లేదు కదా, దయ్యాన్ని అంటే నమ్ముతారు. అయితే దయ్యాన్నే.

పొద్దున ఆయన "ఎవురు నువ్వు?" అనగానే, గొంతు బొంగురు చేసి, "ముందు నాకు ఉగ్గాని కావాల. బజ్జీలు కావాల. తిన్నాక సెప్తా" అన్నాను. అవ్వ లేచి పరుగెత్తింది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో చెంబు కూడా ఎత్తని మా అవ్వ బజారుకు పరుగెత్తి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టి దండం పెట్టింది. ఎంత బాగున్నాయో ఆ బజ్జీలు! మరుసటి రోజు, "ఏమే ముసిలీ, నీళ్లు చల్లగా లేవే" అన్నాను. "తప్పయింది తల్లీ" అంది అవ్వ. నాకు లోపల్లోపల నవ్వు ఆగలేదు. మూడు నాలుగు రోజులు దర్జాగా గడిచాయి.

ఆ దర్జాలోనే నాకు భయం పట్టుకుంది. బొంగురు గొంతు తేలిగ్గా వస్తోంది. నేను అనుకోకముందే కోరికలు వస్తున్నాయి. ఒక పొద్దున నిద్ర లేస్తూనే నా పేరు నేను లోపల అనుకుని చూసుకున్నాను, ఎవరిదో పేరు లాగా ఉంది. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు. నా సంగతి అలాగే అవుతోందా అని దిగులు పడ్డాను. నిజంగానే ఏదైనా వచ్చి కూర్చుంటే, దానికి తాను పరాయిదని తెలుస్తుందా? నేనేమో అనుకుంటూ ఉంటుందేమో కదా?

ఆయన మటుకు తొందరపడలేదు. తిననిచ్చాడు, తిట్టనిచ్చాడు. అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం, నాడె అటూ ఇటూ ఆడిస్తూనే అడిగాడు.

"కడుపు నిండింది కదా. ఇంక సెప్పు. నిన్ను పాప మీదికి పంపింది ఎవురు?"

"ఎవురూ లేదు."

"పేరు నేను సెప్పగూడదు. నువ్వే సెప్పాల. ఇంట్లో మనిషేనా? బొట్టు లేని మనిషేనా? ఊఁ అంటే సాలు. రేపు పొద్దున బస్సుకే ఇంటికి పంపిస్తా."

అవ్వ తల వంచుకుని వక్కాకు నములుతోంది. నాకు అప్పుడు అర్థమైంది. అవ్వ రోజూ పొద్దున ఆయనకు వక్కాకు ఇచ్చే వంకతో ఏం చెబుతోందో, ఆయన ఎవరి పేరు కోసం కాచుకున్నాడో తెలిసింది. నా ఒక్క "ఊఁ"తో చిన్నమ్మను ఇంట్లోంచి గెంటేస్తారు. ఊళ్లో కూడా ఉండనివ్వరు. గాలి పంపిందని పేరు పడిన ఆడదానికి జిన్ను మిల్లులో పక్కన కూర్చుని పని చేసే మనిషి కూడా దొరకదు. నేను అనకపోతే ఈ మగ్గం పక్కన కండెలు చుడుతూ ఉండిపోతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నేను "కాదు" అన్నాను. ఆయన కోపపడలేదు. నా మీద జాలి చూపించాడు.

"నువ్వు ఆమెను కాస్తాండావు పాపా. ఆమె నిన్ను కాస్తాందా? ఇన్ని దినాల్లో ఒక్కతూరి వచ్చి సూసిందా? వస్తుందిలే. వచ్చి నీకు ఒళ్లెట్లుందని అడగదు. తన పేరు సెప్పినావా అని అడుగుతుంది. సూస్తాండు."

పోగు కట్టాక మొట్టమొదటిసారి ఆయన నన్ను నన్నుగా పిలిచి మాట్లాడాడు. లోపలున్నదానితో కాదు, నాతో. అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసన్న మాట. తెలిసీ నన్ను అలా కూర్చోబెట్టాడు. నాకు కోపం రావలసింది. కానీ నన్ను నేనుగా ఒకరు గుర్తించారని సంతోషం వేసింది, సిగ్గు లేకుండా. ఆయన చెప్పిన మాట కూడా మనసులో నాటుకుంది.

రెండు రోజులకు చిన్నమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర ఆయన ఆమెతో ఏదో మాట్లాడాడు, నాకు వినిపించలేదు. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. నా చేతికున్న పోగు చూసింది. పెదవులు తడుపుకుంది.

"పాపా, నా పేరేమన్నా సెప్పినావా?"

మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది కదా అనుకున్నాను. ఏం తప్పూ లేని మనిషికి ఈ భయం ఎందుకు? ఒకవేళ నిజంగానే చిన్నమ్మే ఏమైనా చేసిందా? ఆ ఆలోచన నాకు వచ్చింది. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆమె కొంగులోంచి దువ్వెన తీసింది, నా తల దువ్వుదామని వచ్చినట్టుంది. నేను తిరక్కపోయేసరికి దాన్ని రాట్నం పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం "ఊఁ" అనడానికి నోరు తెరిచాను కూడా. దువ్వెన కనిపించింది. అది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దువ్వెన, చిన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క దువ్వెన. ఆమె సామానంతా ఒక రేకు పెట్టె. ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె ఏ దిక్కుకు పోతుంది? నేను ఎంత ఆలోచించినా ఏ దిక్కూ తోచలేదు. ఆమె మీద కోపం పోలేదు. అయినా నోరు మూసుకున్నాను.

మరునాడు నాకు ఒక ఉపాయం తట్టింది. రెండు దారుల్లో ఒకటి చిన్నమ్మ దారి. రెండోది ఉంది కదా! లోపలున్నది తనంతట తానే వచ్చిందంటే, పంపినవాళ్లు ఉండరు. పంపినవాళ్లు లేకపోతే చిన్నమ్మ బతికిపోతుంది. కండె చుడుతూ చుడుతూ ఒక చచ్చిపోయిన పిల్లను తయారు చేశాను. ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు ఒకటి పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఊరు పెద్దకడుబూరు దిక్కున అనుకున్నాను, ఆ వైపు నుంచి మండీకి పత్తిబండ్లు వస్తాయని నాయన అనేవాడు. చావు బావిలో పెట్టాను.

బొంగురు గొంతుతో చెప్పాను. "నన్ను ఎవురూ పంపలే. ఈ పిల్ల సద్దిగిన్నె వాసనకు నేనే వచ్చినా." పేరు చెప్పాను, ఊరు చెప్పాను. "నీళ్లు సేదుతా బావిలో పడిపోయినా."

ఆయన నాడె ఆపాడు. అన్ని రోజుల్లో పని ఆపి నా వైపు పూర్తిగా తిరగడం అదే మొదలు.

"ఏం కట్టుకోని ఉన్నావు?"

"పచ్చ లంగా."

"యానాడు?"

"పోయిన వానలప్పుడు."

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. నేను గెలిచాననుకున్నాను. ఆయన తల ఊపి, "సరే అయితే. నీ మనుషులను పిలిపిస్తా. వాళ్లే వచ్చి తెంపుతారు" అని మళ్లీ నేతకు తిరిగాడు.

అప్పుడు తట్టింది. లేని పిల్లకు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? ఎవరూ రారు, అబద్ధమని తేలుతుంది, ఆయన మళ్లీ చిన్నమ్మ దగ్గరికే వస్తాడు. నన్ను నా అబద్ధంతోనే కట్టేశాడనుకున్నాను. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు లేని పిల్లకు తల్లి బండి దిగి వచ్చింది.

నల్లగా, పొడుగ్గా, ఎముకల మనిషి. చేతిలో చిన్న మూట. బండి తోలుకొచ్చిన ఆయన బయటే ఉండిపోయాడు, ఆమె ఒక్కతే లోపలికి వచ్చి నా ముందు కూర్చుంది. అవ్వ గోడకు అతుక్కుపోయింది. ఆమె చాలాసేపు నా ముఖం చూడలేదు, కాళ్లు చూసింది. తర్వాత మూట విప్పింది. వేయించిన వేరుశనగలు, మా వైపు బుడ్డలంటాం, బెల్లంతో దంచి చేసిన ఉండలు.

"నీకిష్టమని తెచ్చినా" అంది.

అలాంటి పేరు, అలాంటి బావి, వెతికితే దొరకని ఊరు ఈ సీమలో ఉందా? ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలియదు. నేను ఆయన్ని మోసం చేశాననుకుని, ఎక్కడో బిడ్డ పోయిన తల్లిని బండెక్కించి రప్పించాను.

ఆమె అడిగింది. "నిజం సెప్పు. దూకినావా, జారినావా? ఆ పొద్దున దూడను ఇడిసినావని కొట్టినా కదా. దానికే దూకినావని ఊరంతా అంటాండారు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆయన చేతిలో నాడె పట్టుకుని వింటున్నాడు. నేను నీ బిడ్డను కానంటే చిన్నమ్మ పోతుంది. నీ బిడ్డనే అంటే ఈ తల్లితో ఇంత పచ్చి అబద్ధం ఎలా ఆడను? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయితే నేను ఇవన్నీ లెక్క చూసుకుని మాట్లాడానని చెబితే అది కూడా అబద్ధమే. ఆమె కళ్లు చూశాను, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"జారినా అమ్మా. మెట్ల మీద నాచు ఉండింది."

ఆమె ముఖంలో ఏదో కదిలింది. దుఃఖం పొంగుకొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా అడిగింది.

"కొట్టినందుకు కోపం లేదా?"

"యాడ కొట్టినావు అమ్మా, నాకు నొప్పే పుట్టలే."

అప్పుడు ఏడ్చింది. బావురుమని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరిదని ఆయన్ని ఎవరూ అడగలేదు. కళ్లు తుడుచుకుని ఒక ఉండ నా నోట్లో పెట్టింది. నా చేతిని దగ్గరికి లాక్కుని, బట్ట కుట్టాక దారం కొరికినట్టు పోగును పళ్లతో కొరికేసింది. మగ్గం వైపు చూడనైనా చూడలేదు. అవ్వతో, "అయిపోయింది. పాపను ఇంటికి పిల్చుకోని పో" అని చెప్పి బండెక్కింది.

ఇంటికొచ్చాం. చిన్నమ్మను ఎవరూ ఏమీ అనలేదు, అంటే ఎప్పుడూ అనేవి తప్ప. అవ్వ ఈ కథను వీధి వీధికీ చెప్పుకుంది, అందులో తాను నా దగ్గర తిన్న తిట్లు తప్ప అన్నీ ఉన్నాయి. ఎమ్మిగనూరు ఆయన పేరు మోగిపోయింది. చచ్చిన పిల్లను తల్లితో మాట్లాడించాడని దూరం నుంచి కూడా జనం వచ్చారట. ఇంకెన్ని కండెలో! నాకు మరో రెండుసార్లు మూర్ఛ వచ్చి, తర్వాత దానంతట అదే మానేసింది.

చిన్నమ్మకు, నాకు మధ్య చాలా రోజులు మాటల్లేవు. ఒక రోజు తల దువ్వుతూ ఆమే అంది. "ఆ పొద్దు వాకిట్లోనే నాతో అన్నాడు పాపా, రేపు నీ పేరు సెప్పబోతాంది అని. నాకు కాళ్లు చేతులు ఆడలే. నీ ఒళ్లు సంగతి అడగనైనా అడగలే." నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఆమెకు ఒక మాట, నాకు ఒక మాట చెప్పి, మగ్గం మీద కూర్చుని చూశాడు.

ఇక్కడే నాకు తికమక. ఆయన నేస్తూ నేస్తూ, పాత కథలు ఏవేవో చెబుతూ ఉండేవాడు. ఆ బావి సంగతి, ఆ పచ్చ లంగా, నేను చెప్పకముందే ఆయన నోట విన్నానా? విన్నానేమో అనిపిస్తుంది. అంతలోనే, లేదు, నా సొంతమే అనిపిస్తుంది. నేను ఆయన్ని గెలిచానా, లేక చిన్నమ్మ కంటే మంచి బేరం దొరికిందని ఆయనే నన్ను ఆ దారిన నడిపించాడా? ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తుంది.

పెళ్లయిన రెండో ఏడు, చంకలో బిడ్డతో మంత్రాలయం పోయాం. తుంగభద్ర మెట్ల మీద బిడ్డకు నీళ్లు చల్లుతుంటే, పక్కన తడిచీర పిండుకుంటున్న ఒకామె నా ఎడమ చెయ్యి పట్టుకుంది. మణికట్టు తిప్పి చూసింది. పోగు గుర్తు అక్కడ ఎందుకుంటుంది? ముఖం చూసి కాదు, ఆ చేతి పట్టు వల్ల పోగు కొరికిన తల్లి అని నాకు గుర్తొచ్చింది.

అన్నేళ్లూ నేను భయపడింది ఆమె ఎదురుపడుతుందనే. "అమ్మా, ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టి మింగేశాను.

"తెలుసు" అంది. "నువ్వు నోరు తెరిసిన మొదటి మాటకే తెలుసు. నా బిడ్డ నన్ను యానాడూ అమ్మా అనలే. ఇంట్లో మా మరుదులు నలుగురూ వదినా వదినా అంటాంటే అదీ అదే నేర్చింది. ఎంత తిట్టినా మానలే. సచ్చేదాకా నేను దానికి వదిననే."

నేను అడిగాను. "మరి పోగెందుకు తెంపినావు?"

"నువ్వు నువ్వేనని నాకు తెలిసినాక, కట్టేసిన బిడ్డను ఇడిసిపెట్టి ఎట్ల పోయేది?"

ఇరవై రెండు రోజులు ఏ మాట కోసం గొంతు చించుకున్నానో ఆ మాట. దాన్ని నమ్మిన ఒక్క మనిషి నేను అబద్ధం ఆడిన మనిషే.

"తెలిసినాక కూడా రెండో మాట ఎందుకు అడిగినావు? కోపం లేదా అని?"

ఆమె నీళ్ల వైపు చూసింది. "ఎవురో ఒక ఆడబిడ్డ నోట వినాలనిపించింది" అంది. నా బిడ్డను ఎత్తుకుంది, బుగ్గ గిల్లింది, ఆడపిల్లేనా అని అడిగింది. మా వాళ్లు బస్సు వచ్చిందని పిలుస్తున్నారు. ఆమెకు ఎలా చెప్పి కదలాలో తెలియలేదు. ఆమె పోగొట్టుకున్నది కొంచెమైనా తిరిగి ఇద్దామనిపించి, "పోయొస్తా వదినా" అన్నాను.

ఆమె నా చేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

"అది దాని పిలుపు. నువ్వు తీసుకోవద్దు. నన్ను అమ్మా అని పిలిసిందానివి నువ్వొక్కదానివే."

"పోయొస్తా అమ్మా" అన్నాను.